ఫొటో ఎక్కడ మసకబారింది?

(గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఈరోజు గోడమీద బొమ్మలు చూపిస్తాను, వాటిలో చాలా చిన్న తేడాలు ఉంటాయి. అక్కడినుంచి కనిపించవు. రండమ్మా, ఇక్కడ కుర్చీలున్నాయి.

నేను చేసే పని మీలో చాలామందికి తెలుసు. ఫొటోలు పెద్దవి చేయడం, పాత పుస్తకాలు, పాత ఉత్తరాలు స్కాన్ చేయడం. ఈ పనిలో రోజూ వినే మాట ఒకటుంది. "ఏమండీ, కంప్యూటర్లో ఫొటో సరిగ్గా కనపడట్లేదు, బ్రౌజర్ పాడైందేమో." రోజూ వింటాను. బ్రౌజర్, అంటే నెట్‌లో పేజీలు తెరిచే క్రోమ్‌లాంటిది, తీసేసి మళ్లీ వేసుకున్నవాళ్లున్నారు. కళ్లజోడు మార్చుకున్నవాళ్లున్నారు. ఫోనే మార్చినవాళ్లూ ఉన్నారు. మసక మాత్రం అలాగే ఉంది. ఎందుకని? అది ఎక్కడ పుట్టిందో చూడకుండా వైద్యం మొదలుపెట్టారు కాబట్టి.

ఒక సంగతి చెప్తాను. ఈ మధ్య ఒకాయన వచ్చారు. నాన్నగారు పోయారు. పెద్దకర్మకి ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి పెట్టాలి. 12 అంగుళాలకి 15 అంగుళాలు. ఫొటో తెచ్చారు, పెన్‌డ్రైవ్‌లో. "ఫోన్‌లో చూస్తే బాగానే ఉందండీ, కంప్యూటర్లో పెద్దది చేస్తే ముఖం అలుక్కుపోతోంది, మా బ్రౌజర్లో ఏదో లోపం" అన్నారు. ఫైలు తెరిచి చూశాను. ఫొటో అంటే సన్నని రంగు చుక్కల వరసలే కదా, ఇందులో 225 చుక్కల వెడల్పు, 300 చుక్కల ఎత్తు. అంతే. 12 అంగుళాల వెడల్పులో 225 చుక్కలు పరిస్తే అంగుళానికి ఎన్ని వస్తాయి? లెక్క వేయండి. 19 కూడా రావు. ఫొటో దగ్గరినుంచి చూసినా బాగుండాలంటే అంగుళానికి కనీసం 200 కావాలి, 300 ఉంటే ఇంకా మంచిది.

ఆయన బ్రౌజర్లో ఏ లోపమూ లేదండీ. ఒక పేజీలో వరసగా చిన్న చిన్న ఫొటోలుంటే, అందులో నాన్నగారి ఫొటో మీద వేలు నొక్కిపట్టి సేవ్ చేసుకున్నారు. ఆ చిన్న బొమ్మే సేవ్ అయింది. అసలు ఫొటో దాని వెనకాల ఎక్కడో ఉంది. ఆ ఫొటో ఏమైందో చివర్లో చెప్తాను.

మన ఇళ్లలో పాలు పలచగా ఉంటే ఏం చేస్తాం? నీళ్లు ఎక్కడ కలిశాయి అని చూస్తాం. పాడి దగ్గరే కలిపారా, దారిలో కలిపారా, ఇంటికొచ్చాక మనమే గిన్నె కడిగి నీళ్లు వంచకుండా పోశామా? ఫొటో కూడా అంతే. పెట్టినవాళ్ల దగ్గరే చెడి ఉండొచ్చు. దారిలో చెడి ఉండొచ్చు. మన తెర మీద, మన దగ్గర మాత్రమే చెడ్డగా కనిపిస్తూ ఉండొచ్చు. ఈ మూడూ వేరు వేరు. మూడో దాన్ని ఒక్క నిమిషంలో బాగుచేసుకోవచ్చు. మొదటిదాన్ని మీరు బ్రౌజర్లో ఏం చేసినా బాగుచేయలేరు. నూతిలో లేనిది చేదలోకి రాదు.

కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: అన్ని ఫొటోలూ మసకగా ఉన్నాయా, ఈ ఒక్కటేనా?

అన్నీ మసకగా ఉంటే

అన్నీ అంటే అన్నీ. ఏ సైటు తెరిచినా, ఏ బొమ్మ చూసినా. అక్షరాలు కూడా కాస్త ఉబ్బినట్టు, నీడ పడినట్టు ఉంటే అది ఫొటోల గొడవ కాదు, తెర గొడవ.

ఇప్పుడు ఈ గోడమీద చూడండి. బాగుందా? బాగాలేదు కదా? అక్షరాల అంచులు చూడండి, ఊలు దారంలా ఉన్నాయి. నేను కావాలనే ఇలా పెట్టాను. ఈ ప్రొజెక్టర్‌కి అడ్డంగా 1024 చుక్కలు, నిలువుగా 768. నా ల్యాప్‌టాప్ 1366 అడ్డం, 768 నిలువు పంపిస్తోంది. 1366 చుక్కల్ని 1024లో సర్దాలి. నాలుగు చుక్కలున్న చోట మూడే పడతాయి. ఏం చేస్తుంది పాపం? పక్కపక్క చుక్కల్ని కలిపేస్తుంది. కలిపేస్తే మసక. ఇప్పుడు ల్యాప్‌టాప్‌ని కూడా 1024, 768కి మారుస్తున్నా. చూశారా? బ్రౌజర్ని ముట్టుకోలేదు, ఫొటోని ముట్టుకోలేదు.

మీ ఇంట్లో మానిటర్‌కి కూడా ఇదే. ప్రతి మానిటర్‌కి దానిదైన కొలత ఒకటుంటుంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే, ఒక కొలత పక్కన 'రికమండెడ్' అని రాసి ఉంటుంది. అది పెట్టండి. అక్షరాలు చిన్నవైపోయాయని చాలామంది ఆ కొలత తగ్గించుకుంటారు, పెద్దవాళ్లు ముఖ్యంగా. వద్దండీ. అక్షరాలు పెద్దవి కావాలంటే దాని పైనే 'స్కేల్' అని ఉంటుంది, 125 శాతమో 150 శాతమో అక్కడ పెట్టుకోండి. కొలత తగ్గిస్తే తెర మొత్తం మసక. స్కేల్ పెంచితే అక్షరాలు పెరుగుతాయి, పదునుగానే ఉంటాయి.

తర్వాత జూమ్. కంట్రోల్ నొక్కిపట్టి మౌస్ చక్రం కదిపామనుకోండి, మనకి తెలియకుండానే పేజీ 110 శాతానికో 125 శాతానికో వెళ్లిపోతుంది. క్రోమ్ ఆ జూమ్‌ని ఆ సైటుకి గుర్తుపెట్టుకుంటుంది. రేపు తెరిచినా అలాగే వస్తుంది, వచ్చే నెల తెరిచినా అలాగే వస్తుంది. "ఆ ఒక్క సైటులోనే ఫొటోలు బాగుండవండీ" అంటారు. కంట్రోల్, సున్నా. రెండూ కలిపి నొక్కండి. నూరు శాతానికి వచ్చేస్తుంది. ఇది రాసుకోండి, కంట్రోల్ సున్నా.

గీతలు, నల్ల గళ్లు, రంగులు చెదిరినట్టు కనిపిస్తే, క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అని ఉంటుంది. ఒకసారి ఆపి, బ్రౌజర్ మూసి తెరిచి చూడండి. తగ్గిపోతే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది, అంటే తెరమీద బొమ్మలు గీయించే సాఫ్ట్‌వేర్‌ది, దాన్ని అప్‌డేట్ చేసుకోవాలి. తగ్గకపోతే మళ్లీ ఆన్ చేసేయండి, ఊరికే ఆపి ఉంచకండి, నెమ్మదిస్తుంది.

తెర సంగతి ఇంతే. ఇంతకన్నా దానిమీద సమయం పెట్టను. ఎందుకంటే నా దగ్గరకి వచ్చేవాటిలో ఎక్కువ ఇవి కావు.

ఒక్క ఫొటోయే మసకగా ఉంటే

ఇక్కడినుంచి జాగ్రత్తగా వినండి. ఒక ఫొటో బాగాలేదు. ఏం చేయాలి? దానిమీద రైట్ క్లిక్ చేసి, కొత్త ట్యాబ్‌లో తెరవండి. ఓపెన్ ఇమేజ్ ఇన్ న్యూ ట్యాబ్ అని ఉంటుంది. పేజీలో మిగతా గోలంతా పోయి, ఆ ఫైలు ఒక్కటే వస్తుంది. దాని అసలు రూపం అది. కొత్త ట్యాబ్‌లో పెద్దగా, స్పష్టంగా వచ్చిందా? అయితే ఫైలు మంచిదే, పేజీ దాన్ని కుదించి చూపిస్తోంది. కొత్త ట్యాబ్‌లో బుల్లిగా, తపాలా బిళ్లంత వచ్చిందా? అయితే ఉన్నదే అంత. పేజీ దాన్ని సాగదీసింది.

ఇంకా కచ్చితంగా కావాలంటే, ఇదిగో ఇలా. ఫొటో మీద రైట్ క్లిక్, ఇన్‌స్పెక్ట్. భయపడకండి, పక్కన ఏదో కోడ్ వస్తుంది, దేన్నీ చెడగొట్టలేరు మీరు. అందులో ఫొటో చిరునామా ఉంటుంది, దానిమీద మౌస్ పెట్టి ఆపండి. చూడండి, చిన్న పెట్టె వచ్చింది. రెండు కొలతలు. 'రెండర్డ్ సైజ్', అంటే తెరమీద ఎంత చోటులో చూపిస్తోంది. 'ఇంట్రిన్‌సిక్ సైజ్', అంటే ఫైలులో నిజంగా ఎన్ని చుక్కలున్నాయి. ఇక్కడ ఏముంది? చూపించేది 600 వెడల్పు. ఉన్నది 225. దొరికిందా దొంగ?

చుక్కలు అంటున్నాను కదా, పిక్సెల్స్. మా అమ్మ ముగ్గు వేసేటప్పుడు చుక్కలు లెక్కపెట్టి పెట్టేది. తొమ్మిది చుక్కల ముగ్గు ఉంది. ఇంటి ముందు వాకిలి పెద్దదనుకోండి, ఆ తొమ్మిది చుక్కల్నే దూరం దూరంగా పెట్టి వేయొచ్చు. ముగ్గు పెద్దదవుతుంది. కొత్త రేకు ఒక్కటైనా వస్తుందా? రాదు. తొమ్మిది చుక్కల ముగ్గు ఎంత పెద్దగా వేసినా తొమ్మిది చుక్కల ముగ్గే. ఇరవై ఒక్క చుక్కల ముగ్గులో ఉండే నెమలి, తొమ్మిది చుక్కల్లో రాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "అదే ఫొటో పాత కంప్యూటర్లో బాగుందండీ, కొత్త ఫోన్లో బాగాలేదు. ఖరీదైన ఫోను, బాగా కనపడాలి కదా?" న్యాయమైన ప్రశ్నే. 2010లో ఐఫోన్ 4 వచ్చింది. దానికి ముందు ఐఫోన్ తెరకి 320 చుక్కల వెడల్పు, 480 ఎత్తు. ఐఫోన్ 4లో అదే మూడున్నర అంగుళాల తెరలో 640కి 960 పెట్టారు. అటూ ఇటూ రెండింతలు. మరి పేజీలన్నీ 320 వెడల్పుకి చేసి ఉన్నాయి కదా? అందుకని ఏం చేశారు, పేజీ ఒక చుక్క అన్నచోట తెరమీద నాలుగు చుక్కలు వెలుగుతాయి. అడ్డంగా రెండు, నిలువుగా రెండు. ఇవాళ మన చేతుల్లో ఉన్న చాలా ఫోన్లలో అది మూడుకి మూడు, అంటే తొమ్మిది చుక్కలు. పేజీలో 300 వెడల్పు చోటులో ఫొటో నిండుగా కనపడాలంటే ఫైలులో 900 ఉండాలి. 300 మాత్రమే ఉన్న ఫైలుని పెడితే, ఒక్కో చుక్కనీ తొమ్మిది చోట్ల పరచాలి. అక్షరాలు మాత్రం ఆ తెరమీద కత్తిలా ఉంటాయి. వాటి పక్కన ఫొటో ఇంకా మసకగా కనిపిస్తుంది. మంచి తెర తప్పుని దాచదు, చూపిస్తుంది.

మీలో ఎవరైనా సైట్లు చేసేవాళ్లున్నారా? ఉన్నారు, ఇద్దరు. బాబూ, మీరిద్దరూ ఇది గుర్తుపెట్టుకోండి. ఒకే ఫొటోని రెండు మూడు కొలతల్లో పెట్టి, 'ఎస్ఆర్‌సీ సెట్' అనే గుణంలో రాస్తే, బ్రౌజరే తన తెరకి తగినది ఎంచుకుంటుంది. మామూలు తెరకి చిన్నది, ఫోన్‌కి పెద్దది. డేటా వృథా కాదు, ఫొటో మసకబారదు. చేయకపోతే తిట్లు తినేది బ్రౌజర్.

ఇంకో దొంగ, వెతుకులాటలో చిన్న బొమ్మలు. గూగుల్‌లో ఇమేజెస్ అని వెతుకుతాం, వరసగా వస్తాయి. అక్కడే నొక్కి సేవ్ చేస్తే వచ్చేది చాలాసార్లు గూగుల్ తనకోసం చేసుకున్న బుల్లి నకలు. ఒకప్పుడు 'వ్యూ ఇమేజ్' అని బటన్ ఉండేది, నేరుగా అసలు ఫొటోకి వెళ్లేవాళ్లం. 2018 ఫిబ్రవరిలో దాన్ని తీసేశారు. ఇప్పుడు 'విజిట్' నొక్కి ఆ పేజీకే వెళ్లాలి, అక్కడ ఫొటో మీద నొక్కి పెద్దది చూడాలి, అప్పుడు సేవ్ చేయాలి. వికీపీడియాలో కూడా అంతే. తెలుగు వికీపీడియాలో వ్యాసం పక్కన కనిపించేది చిన్న నకలు. దానిమీద నొక్కి వికీమీడియా కామన్స్ పేజీకి వెళ్తే, బొమ్మ కింద ఇతర కొలతలన్నీ రాసి ఉంటాయి, అసలు ఫైలు లంకె కూడా ఉంటుంది. మన గుడులవీ కోటలవీ చాలామంది కష్టపడి తీసి పెట్టిన మంచి ఫొటోలు అక్కడున్నాయి. ఊళ్లో ఫ్లెక్సీల మీద మాత్రం ఆ బుల్లి నకళ్లే కనిపిస్తాయి. ఒక్క నొక్కు దూరంలో అసలుది ఉంది. చూసినప్పుడల్లా బాధేస్తుంది నాకు.

ఇంకొకటి. పేజీ తెరవగానే ఫొటో బాగా మసకగా, మంచులో ఉన్నట్టు వచ్చి, తర్వాత తేటపడుతుంది. అది లోపం కాదు, ముందు చిన్న నకలు పెట్టి, వెనకనుంచి పెద్దది తెస్తుంది. నెట్ నెమ్మదిగా ఉంటే ఆ మంచులోనే ఆగిపోతుంది. అప్పుడు స్క్రీన్‌షాట్ తీయకండి. కంట్రోల్, షిఫ్ట్, ఆర్. దాచుకున్నదాన్ని వదిలేసి మొత్తం కొత్తగా తెస్తుంది.

ఫైలే చెడిపోయి ఉంటే

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. చుక్కలు నిండా ఉన్నాయి, 2000 ఉన్నాయి, 3000 ఉన్నాయి. అయినా బాగాలేదు. ఎందుకు?

జేపెగ్. మనం చూసే ఫొటోల్లో చాలావరకు జేపెగ్‌లే. ఫొటోని కుదించి దాచే ఈ పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చింది, ముప్పై ఏళ్లు దాటింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఏం చేస్తుందంటే, ఫొటోని గళ్లుగా కోస్తుంది. ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు, ఒక్కో గడిలో 64 చుక్కలు. ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సన్నని తేడాల్ని వదిలేస్తుంది. కొంచెం వదిలితే మనకి తెలియదు. ఫైలు చిన్నది చేద్దామని మరీ కుదిస్తే ఆ గళ్లే బయటపడతాయి. ఆకాశం చూడండి, ఈ ఫొటోలో. గచ్చు పలకలు పరిచినట్టు లేదూ? అవే ఆ గళ్లు.

రంగు విషయంలో ఇంకా పొదుపు. వెలుగునీడల్ని చుక్క చుక్కకీ దాచుకుంటుంది గానీ, రంగుని మాత్రం మామూలుగా నాలుగు చుక్కలకి కలిపి ఒకటే దాచుకుంటుంది. మన కంటికి రంగులో సన్నని తేడాలు అంత బాగా తెలియవు కాబట్టి చెల్లిపోతుంది. ఎక్కడ చెల్లదు? ఇదిగో, ఈ పెళ్లి ఫొటో. పచ్చచీరకి ఎర్ర అంచు. అంచు దగ్గర చూడండి, ఎరుపు పచ్చలోకి కారినట్టుంది. నుదుట కుంకుమబొట్టు చూడండి, గుండ్రంగా లేదు, చుట్టూ ఎర్రటి మసక. కెమెరా తప్పు కాదు, తీసినాయన తప్పు కాదు. అక్కడ రంగుకి చుక్కలు సరిపోలేదు.

ఇక తెలుగు అక్షరం. ఇక్కడ నా గుండె కొంచెం ఎక్కువ కొట్టుకుంటుంది. అక్షరానికి ఒక అంచు ఉంటుంది, ఇటు నలుపు, అటు తెలుపు. జేపెగ్‌కి అలాంటి అంచంటే పడదు, చుట్టూ దుమ్ము రేపుతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ దుమ్ములో ఎలాగో బతుకుతుంది. మన అక్షరంలో అర్థమంతా చిన్న చిన్న గీతల్లో ఉంది. 'కథ' అని రాసి, బాగా కుదించి సేవ్ చేశాను. పెద్దది చేసి చూపిస్తున్నా. థ పొట్టలో చుక్క ఉందా? పోయింది. ధ అయింది. ఇంకోసారి కుదించాను. కింద గీత కూడా పోయింది. ద అయింది. కథ కాస్తా కద అయిపోయింది. మామూలు ఫొటోలో మసక వస్తే అందం పోతుంది. తెలుగు కాగితంలో మసక వస్తే మాటే మారిపోతుంది.

కాబట్టి అక్షరాలున్న బొమ్మ ఏదైనా, కరపత్రం గానీ, ఆహ్వాన పత్రిక గానీ, పద్యం గానీ, పీఎన్‌జీ అనే రకం ఫైలుగా సేవ్ చేయండి. అందులో చుక్క కూడా వదిలేయదు. ఫొటోలకి జేపెగ్, అక్షరాలకి పీఎన్‌జీ.

ఇంకో అపోహ. "జేపెగ్‌ని తెరిచి చూసిన ప్రతిసారీ అరుగుతుందట కదా?" అని అడుగుతారు. లేదండీ. చూస్తే అరగదు. కాపీ చేస్తే అరగదు. తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేస్తే అరుగుతుంది, ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు. స్క్రీన్‌షాట్ తీస్తే ఇంకా ఘోరం, తెరమీద ఎన్ని చుక్కలున్నాయో అన్నే వస్తాయి. ఈమధ్య సైట్లలో ఫొటోలు వెబ్‌పీ అనే రకంలో వస్తున్నాయి, గూగుల్ 2010లో తెచ్చింది. సేవ్ చేస్తే పాత సాఫ్ట్‌వేర్లో తెరుచుకోదు. తెరుచుకోలేదని స్క్రీన్‌షాట్ తీసి తెస్తారు నా దగ్గరికి. అలా చేయకండి, ఆ వెబ్‌పీ ఫైలే తెండి. మార్చుకోవడం నా పని.

దారిలో చెడిపోతే

పెట్టినాయన మంచి ఫొటో పెట్టాడు, మన తెర బాగుంది. మధ్యలో ఎవరో కుదించారు. డాంగిల్‌తో నెట్ వాడిన రోజులు గుర్తున్నాయా? కొన్ని మొబైల్ నెట్‌వర్కులు తమ భారం తగ్గించుకోడానికి దారిలోనే ఫొటోల్ని కుదించేసి పంపేవి. ఫొటో మీద మౌస్ పెడితే, షిఫ్ట్ ఆర్ నొక్కితే నాణ్యత పెరుగుతుందని చిన్న వాక్యం కనిపించేది. పేజీ చేసినవాళ్లు రాసింది కాదది, దారిలో చేర్చింది. ఇప్పుడు సైట్లన్నీ దాదాపు హెచ్‌టీటీపీఎస్‌లోకి వచ్చాయి. అంటే కవరు అంటించి, సీలు వేసి పంపినట్టు. మధ్యలోవాళ్లు విప్పలేరు, కుదించలేరు. అందుకే ఆ బాధ చాలావరకు పోయింది.

కానీ మనమే తాళం ఇచ్చి విప్పించుకునే బ్రౌజర్లున్నాయి. ఒపేరా మినీ ఉంది, డేటా ఆదా చేయడానికే పుట్టింది. పేజీని తమ సర్వర్లో కుదించి పంపుతుంది. సిగ్నల్ లేని చోట గొప్ప మేలు చేసింది, నేను కాదనను. కానీ అందులో ఫొటోల నాణ్యత తక్కువలో పెట్టి ఉంటే, ఎంత మంచి ఫొటో అయినా గళ్లు గళ్లుగానే వస్తుంది. సెట్టింగ్స్‌లో ఇమేజ్ క్వాలిటీ అని ఉంటుంది, ఎక్కువకి మార్చండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో కూడా డేటా ఆదాకి లైట్ మోడ్ అని ఒకటి ఉండేది, 2022 మార్చిలో ఎత్తేశారు. ఇంకా కొందరు దానికోసం వెతుకుతుంటారు, అందుకని చెప్పాను.

పాత పుస్తకాల సంగతి ఒకటి చెప్పాలి, గ్రంథాలయంలో ఉన్నాం కాబట్టి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి. బ్రౌజర్లో తెరుస్తాం, అక్షరాలు చదవలేకపోతాం, "స్కానింగే బాగాలేదు" అని మూసేస్తాం. ఆగండి. ఆ పుస్తకం చూపించే కిటికీ, పేజీ తెరమీద ఎంతుందో అంత బొమ్మే తెస్తుంది. భూతద్దం గుర్తు నొక్కి పెంచి, రెండు క్షణాలు ఆగండి, పెద్ద బొమ్మ వస్తుంది. అప్పటికీ సందేహంగా ఉంటే పీడీఎఫ్‌ని నమ్ముకోకండి. అక్కడ పీడీఎఫ్‌ని బాగా కుదించి పెడతారు, కాగితాన్ని ఒక పొరగా, అక్షరాల్ని ఒక పొరగా. పెళుసు కాగితం మీద సిరా వెలిసిపోయిన చోట, అక్షరం కాగితం పొరలోకి జారి అలుక్కుపోతుంది. డౌన్‌లోడ్ వరసలో 'సింగిల్ పేజ్ ప్రాసెస్డ్ జేపీ2 జిప్' అని ఉంటుంది. ఫైలు చాలా పెద్దది, ఓపికగా దింపుకోండి. అందులో ఒక్కో పేజీ విడిగా, ఎక్కువ వివరంతో ఉంటుంది. ఒక పాత శతకంలో పద్యం మూడోపాదం పీడీఎఫ్‌లో నాకు అర్థమే కాలేదు. ఆ జిప్‌లో పేజీ తెరిస్తే అరసున్నతో సహా కనిపించింది. పుస్తకం బాగానే ఉంది. నేను చూసిన నకలు బాగాలేదు.

రంగులు వెలిసినట్టు ఉంటే అది వేరే రోగం, క్లుప్తంగా చెప్తాను. ఫొటోలోని రంగు అంకెల్ని ఏ కొలబద్దతో చదవాలో చెప్పే ప్రొఫైల్ ఒకటి ఫైలులో ఉంటుంది. వెబ్‌కి వాడుకగా ఉన్నది ఎస్ఆర్‌జీబీ, 1996 నాటిది. పెద్ద కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ అనే వేరే కొలబద్ద పెట్టి తీసి, ఆ ప్రొఫైల్ మధ్యలో ఊడిపోతే, బ్రౌజర్ దాన్ని ఎస్ఆర్‌జీబీ అనుకుని చదువుతుంది. పసుపు నీరసంగా, ముఖాలు పాలిపోయినట్టు ఉంటాయి. డీటీపీ చేసేవాళ్లు అచ్చు కోసం సీఎంవైకే అనే రంగుల లెక్కలో చేసిన ఫైలుని అలాగే నెట్‌లో పెట్టినా రంగులు మారిపోతాయి. నెట్‌లో పెట్టేముందు ఎస్ఆర్‌జీబీకి మార్చండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

ఆ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. మసక ఫొటోని ఏఐతో బాగుచేయొచ్చు కదా, ఒక్క నొక్కుతో తేటగా వస్తోంది కదా అని. వస్తుందమ్మా. కానీ ఎక్కడినుంచి వస్తుంది? మీ తాతగారి కనుబొమ్మ ఆ ఫైలులో లేదు. వేల కనుబొమ్మలు చూసిన యంత్రం, ఇలా ఉండొచ్చని ఒకటి గీస్తుంది. చాలా బాగుంటుంది. అది మీ తాతగారిది కాదు. పండగ పోస్టరుకి వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇంట్లో పెట్టుకునే పెద్దవాళ్ల ఫొటోకి నేను చేయను. అక్షరాలకీ అంకెలకీ అసలు చేయను. యంత్రం ఊహించి నింపితే ఏమవుతుందో, ఏఐ రాకముందే చూశాం. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లాను స్కాన్ చేస్తే, గదుల కొలతలు మారిపోయాయి. మూడు గదుల కొలతలు మూడు రకాలుగా ఉండాల్సింది, మూడిటికీ 14.13 అని వచ్చింది. జిరాక్స్ కంపెనీ యంత్రాలవి. ఫైలు చిన్నది చేయడానికి, ఒకేలా ఉన్నాయనిపించిన ముక్కల్ని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేశాయి. అంకె మసకగా లేదు, చక్కగా, స్పష్టంగా ఉంది. తప్పుగా ఉంది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేసింది. మసకగా ఉంటే కనీసం అనుమానం వస్తుంది మనకి. తేటగా ఉన్న తప్పుని ఎవరు అనుమానిస్తారు?

వెనకనుంచి మాస్టారు, వాట్సాప్‌లో పంపితే ఫొటో ఎందుకు చెడుతుందని అడుగుతున్నారు. మామూలుగా పంపితే కుదిస్తుంది మాస్టారూ. 2023 నుంచి హెచ్‌డీ అని గుర్తు పెట్టారు, అది నొక్కితే కొంత మెరుగు. అసలు ముట్టుకోకుండా వెళ్లాలంటే, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. పిన్ గుర్తు, డాక్యుమెంట్, ఫైలు ఎంచుకోవడం. ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

మొదట చెప్పినాయన పని అయింది కూడా అలాగే. "ఈ ఫొటో అసలు ఎవరు తీశారండీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మా చెల్లాయి, కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు" అన్నారు. ఆవిడ డాలస్‌లో ఉంటుంది. నా ముందే ఫోన్ చేశారు. అక్కడ తెల్లవారుజాము. లేచి, తన ఫోన్లో వెతికి, డాక్యుమెంట్‌గా పంపింది. 3000కి 4000 చుక్కలు. 12 అంగుళాల వెడల్పులో పరిస్తే అంగుళానికి 250. తెరమీద నూరు శాతం పెట్టి నెమ్మదిగా జరిపాను. చొక్కా జేబులో పెన్ను, దాని క్లిప్పు మీద గీతలు. కళ్లజోడు కాడకి చుట్టిన తెల్లదారం. ఆయన ఆ దారం దగ్గర ఆపమన్నారు. "అది నేనే చుట్టానండీ" అన్నారు.

అమ్మా, మీరు ఇందాకటినుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, మీ పెళ్లి ఫొటో అన్నారు కదా. ఇటు తీసుకురండి. కేబుల్ ఉంది, ముందు దానిలో ఎన్ని చుక్కలున్నాయో చూద్దాం.